ఈశాన్యం పెరిగిన ఇల్లు

పొద్దున్నుంచీ ఇంటి ఈశాన్యం పెరుగుతోంది. వాస్తు ప్రకారం ఈశాన్యం పెరగడం శుభం కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పరు. టిఫిన్ల వేళకి ఆ మూల సందు దాటి, రోడ్డు దాటి, భీమిలి సముద్రంలో పాదం ముంచుతుంది.

ఈ ఇల్లు కట్టింది నేనే, రంగులు వేస్తున్నదీ నేనే. నా జీవితమంతా కాన్వాసు మీద ఇళ్లు గీశాను. కొన్నవాళ్లు వాటిని తమ తెల్లటి చదరపు గదుల్లో తగిలించుకున్నారు. నన్ను నేల మీద ఇల్లు కట్టనిచ్చింది నూకరత్నం ఒక్కతే. హాస్టల్లో వంట చేసి, ఆ వంటింట్లోనే పడుకుని ముసలిదైన మనిషి. సొంత గోడ అంటూ ఎన్నడూ ఎరగదు. ఇవాళ ఆవిడ గృహప్రవేశం.

సంతోషంతో నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. అందుకే పైకప్పుకి పసుపు రంగు వేయడానికి నిచ్చెన అక్కర్లేదు. ఎర్ర కిటికీ వెళ్లి నీలం కిటికీని పలకరించి వస్తుంది. వంటింటి గోడ ఎండ ఎటుంటే అటు నడుం తిప్పుతుంది. కాన్వాసు మీద ఇన్నాళ్లూ ఎంత బిగుసుకుని ఉన్నాయో, పాపం.

అంతలో పురపాలక అధికారి రసమట్టం పట్టుకుని వస్తాడు. ఏ గోడకి ఆనించినా గాజు గొట్టంలో బుడగ పక్కున నవ్వి మూలకి పారిపోతుంది.

"దివాకరం గారూ, ఒక్క సరళరేఖైనా లేని కట్టడాన్ని ఇల్లనడానికి నిబంధన ఒప్పుకోదండి. కూల్చేయాలి."

"లోపలుండే మనుషులూ వంకరే కదండీ."

"మనుషులు మా శాఖ కిందకి రారు."

శుభకార్యం కాబట్టి పాలు పొంగేదాకా ఆగుతానంటాడు. సరళరేఖంటే నాకు ఒళ్లుమంట. అయినా నూకరత్నం కోసం తిన్నగా ఒక గీత గీస్తాను. గోడ దాన్ని కాకరతీగ చేసి పువ్వు పూయిస్తుంది. నాకు మొదటిసారి భయం వేస్తుంది. పాలు అంచుదాకా వచ్చాయి.

గుమ్మం బయట నూకరత్నం తాపీగా నిలబడి ఉంది.

"ఏటి బాబూ, అంత బెంగెట్టుకున్నావు? గృహపెవేశమంటే ఇల్లు పెవేశించడమే గదా. మనం దూరాలని ఎవుడన్నాడు?"

ఆ మాటని నోట్లోనే పలికి చూసుకుంటాను. సమాసాన్ని అలా కూడా విడదీయవచ్చు.

పాలు పొంగుతాయి. ఇల్లు సముద్రంలోంచి పాదం తీసుకుని, గుమ్మానికి పసుపు సరిచేసుకుని, కుడికాలు ముందుపెట్టి నూకరత్నంలోకి వెళుతుంది. కిటికీలు తోసుకోకుండా ఒకదాని వెనక ఒకటి వెళతాయి. నాకు కేకలు పెట్టాలన్నంత ఆనందంగా ఉంది.

ఖాళీ స్థలంలో పాలగిన్నె మిగిలింది. అధికారి రసమట్టాన్ని ఆవిడ భుజానికి ఆనించబోయి, ఆగిపోతాడు.

"మనుషులు మా శాఖ కిందకి రారు," అని తనకి తనే చెప్పుకుని వెళ్లిపోతాడు.

"గదులన్నీ సరిపోనాయి బాబూ," అంటుంది నూకరత్నం, పొట్ట నిమురుకుంటూ. "ఈశాన్యం మూలొక్కటే పట్నేదు. నువ్వట్టుకో."

పట్టుకుంటాను. నా ఎడమ భుజం పెరగడం మొదలుపెడుతుంది. సందు దాటుతుంది, రోడ్డు దాటుతుంది. నీళ్ల మీదికి చేరాక దాని చివర ఎర్ర కిటికీ తెరుచుకుంటుంది. నా ఎదురుగా నిలబడి ఉన్న నూకరత్నమే అందులోంచి వంగి, బియ్యం కడిగిన నీళ్లు సముద్రంలో పారబోస్తుంది.