తిమ్మరాజు చెప్పని సమాధానం

తిమ్మరాజు వ్యాను ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి లేచేసరికి, బండికి అవతలి పక్కన సాగనంపడానికి వచ్చిన పాస్టరు అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రయాణం కోసం ప్రార్థన చేస్తున్నారు. కృష్ణగిరి తెలుగు చర్చివాళ్ళు పన్నెండు మంది ఆయన చుట్టూ తలలు వంచి నిలబడ్డారు. వాళ్ళు ఆమెన్ అనేదాకా తిమ్మరాజు ఆగి, ఎక్కి కూర్చుని, నిమ్మకాయ చితికేలా బండి కదిలించాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా పెళ్ళివాళ్ళనీ తిరుపతి యాత్రికులనీ మోసిన మనిషి. కిటికీ ఎండకు కుడిచెయ్యి ఎడమచేతికన్నా రెండింతలు నల్లబడింది. ఆయనకు ఏ దేవుడితోనూ తగాదా లేదు. తగాదా అంతా తమ్ముడితోనే.

వెనక కూర్చుంటే తల తిరుగుతుందని మంజులమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఆమె పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. విమానమెక్కి అంత దూరం దేనికని తిమ్మరాజు అడిగాడు. ఇజ్రాయెల్‌కూ పాలస్తీనాకూ సమాధానం గురించి నేర్చుకునేదానికి పోతున్నామని ఆమె చెప్పింది. టోల్‌గేటు దాటేదాకా ఆయన దాని గురించే ఆలోచించాడు.

"అదిసరే గానమ్మా, ప్రశ్న ఏంది?"

మంజులమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వింది. "మా బైబిల్లో సమాధానమంటే శాంతి అప్పా."

తమిళంలోనూ అంతేనని తిమ్మరాజుకు అప్పుడు తట్టింది. పొద్దున లేస్తే అంగడిలో తమిళమే మాట్లాడతాడు, అయినా తెలుగులో విన్న మాట తెలుగులోనే బుర్రకెక్కింది మరి. ఓటమి ఒప్పుకునే రకం కాదు కదా.

"మా ఇంట్లో సమాధానం చెప్పకుంటేనే శాంతి అమ్మా" అన్నాడు. బండి బండంతా గొల్లుమంది.

నవ్వులు సద్దుమణిగాక మంజులమ్మ ఆ ఊళ్ళ సంగతి చెప్పింది. "ఒకే నేల, ఇద్దరూ మాదేనంటారు. ఆ పక్కొకామె, ఈ పక్కొకామె, ఇద్దరూ బిడ్డల్ని పోగొట్టుకున్నోళ్ళు. పక్కపక్కన కూర్చోని మాట్లాడతారంట. మేం చెప్పేది ఏమీ లేదప్పా. కూర్చోని వినల్ల, అంతే."

తిమ్మరాజు గేరు మార్చాడు. బిడ్డల్ని పోగొట్టుకున్న వాళ్ళ ముందు తన తగాదా చెప్పుకుంటే సిగ్గుచేటు. వేప్పనపల్లిలో మామిడితోట పంచుకునేటప్పుడు గట్టు మీది చెట్టు ఎవరిదని అన్నదమ్ములకు మాటా మాటా పెరిగింది. మరుసటేడే ఆ చెట్టు గాలివానకు కూలిపోయింది. పంతం మాత్రం కూలలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఈయన పేరులోనే రాజున్నాడాయె. తమ్ముడు చంద్రశేఖర్ కుందారపల్లిలో హైవే పక్కనే టీకొట్టు పెట్టాడు. తొమ్మిదేళ్ళుగా తిమ్మరాజు ఆ కొట్టు ముందుగా రోజూ పోతూనే ఉన్నాడు. తల తిప్పింది లేదు, హారన్ కొట్టింది లేదు.

నెల కిందట తమ్ముడి కూతురు చైత్ర పెళ్ళిపత్రిక వచ్చింది. అడుగున పెన్నుతో "అన్నా, వస్తావా?" అని రాసి ఉంది. నడక రానినాడే ఈయన ఒళ్ళో కూర్చుని స్టీరింగు పట్టుకున్న పిల్ల. పోవాలని ప్రాణం పీకుతోంది. పోతే తాను తగ్గినట్టు, పోకుంటే ఆ పిల్ల జన్మలో మరచిపోదు. పెళ్ళి ఆదివారం, ఇవాళ గురువారం. పత్రిక ఎదురుగా అద్దం కిందే ఉంది. మంజులమ్మ దాన్ని చదివింది, ఒక్క ప్రశ్నా అడగలేదు.

"టీ తాగల్లప్పా" అందంతే. "నీకు బాగున్న చోట ఆపు."

కుందారపల్లి వచ్చింది. ఒక కొట్టు దాటింది, రెండోదీ దాటింది. మూడోదాని ముందు తిమ్మరాజు కాలు బ్రేకు మీద పడింది. ఎవరు తొక్కించారో ఆయనకే తెలియదు.

చంద్రశేఖర్ పాలగిన్నె మీంచి తల ఎత్తాడు, మళ్ళీ దించేశాడు. పన్నెండు మందికీ కాగితం కప్పుల్లో టీ పోశాడు. తర్వాత లోపలికి పోయి, పై అరలోంచి ఒక స్టీలు గ్లాసు తీసి, కడిగి, అందులో పోసి తెచ్చాడు. వాళ్ళమ్మ ఇద్దరికీ పేర్లు చెక్కించి కొన్న గ్లాసుల్లో ఒకటది. చెక్కినవాడికి తెలుగు రాక తిమ్మరాజు పేరులో వత్తు వదిలేశాడు. చిన్నప్పుడు దానికి ఈయన రోజంతా ఏడ్చాడు.

"నువ్వు సమాధానం చెప్పనే లేదే, అన్నా" అన్నాడు తమ్ముడు.

వెనక పన్నెండు మందీ ఒక్కసారిగా నవ్వేశారు. తనేమన్నాడో తెలియక చంద్రశేఖర్ బిత్తరపోయాడు. తిమ్మరాజుకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఏది దాచాలో తెలియక గ్లాసు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ముందురోజే వస్తాను. పెండ్లికూతురి బండి నేనే తోల్తాను. తోలేదానికి ఇంకెవురికన్నా చెప్పినావంటే చూడు" అన్నాడు.

హోసూరు దాటేదాకా బండిలో పాటలే. విమానాశ్రయంలో పెట్టెలు దించాక మంజులమ్మ ఆయన చేతులు పట్టుకుంది. తాము విన్నదంతా వచ్చి చెప్తామనీ, పెళ్ళి సంగతులన్నీ ఆయన చెప్పాలనీ ఒప్పందం చేసుకుంది. పన్నెండు మందీ అద్దాల తలుపు లోపలికి పోయారు. ఆఖర్న ఆమె ఒకసారి చెయ్యి ఊపింది, తర్వాత ఆమె కూడా కనబడలేదు.

తిమ్మరాజు ఖాళీ బండి ఎక్కి తాళం తిప్పబోయి ఆగాడు. ఇచ్చేయడం మరచిపోయిన గ్లాసు పత్రిక పక్కనే ఉంది, అడుగున ఎండిన టీ, అంచున వత్తు లేని 'తిమరాజు'.