నిలబడి తినే లక్షణం

"గుర్రాలు నిలబడి నిద్రపోతాయట. మా ఆవిడ నిలబడి అన్నం తింటుంది," అని ఇంటికొచ్చిన స్నేహితుడితో అని పడీ పడీ నవ్వాడు భర్త. స్నేహితుడూ నవ్వాడు. వంటగది గట్టు దగ్గర నిలబడి, అడుగున మిగిలిన అన్నం గిన్నెలోనే కలుపుకుని తింటున్న ఆమె కూడా నవ్వింది. గుర్రాలు తినేదీ నిలబడే కదా అని ఆ క్షణంలోనే తట్టింది గానీ, టీచర్ బుద్ధి పోనిచ్చుకుంది కాదంటారని ఊరుకుంది.

"ఆడదానికి అది పుట్టుకతో వస్తుంది బాబూ," అని అత్తగారు సమర్థించింది. "కోడలొచ్చేదాకా నాకూ అంతే. అందరి కడుపులూ నిండితే గానీ ముద్ద దిగేది కాదు."

మామూలు రోజుల్లో అయితే ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. కానీ ఆ వారం పదో తరగతికి ఆమె చెబుతున్న పాఠం అనువంశికత. పుట్టుకతో ఏం వస్తుంది, ఏం రాదు అని పొద్దున్నే నలభై రెండు మందికి గొంతు పోయేలా చెప్పి వచ్చింది. ఎలుకల తోకలు తరాల తరబడి కత్తిరించినా పుట్టే పిల్ల తోకతోనే పుడుతుందని చెబితే, వెనక బెంచీ నుంచి ఒకడు "పాపం ఎలుకలు మేడమ్" అన్నాడు. అలాంటి మనిషికి "పుట్టుకతో వస్తుంది" అన్న మాట చెప్పులో రాయిలా తగిలింది. కోపం కాదు. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

ఆ వారం పిల్లలకిచ్చిన ఇంటిపని ఒక పట్టిక. మూడు తరాల వాళ్లని కూర్చోబెట్టి, ఎవరి చెవితమ్మె అంటుకుని ఉంది, ఎవరు నాలుకని గొట్టంలా చుట్టగలరు, ఎవరి బుగ్గన సొట్ట ఉంది, రాసుకురావాలి. ఇవన్నీ ఒక్క జన్యువుతో తేలే వ్యవహారాలు కావని ఆమెకు తెలుసు. "పుస్తకం చెప్పినంత తేలిక కాదర్రా, కానీ పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయండి" అని ఏటా చెప్పే మాటే చెప్పింది. ఆ క్లాసులోనే ఆమె కూతురూ ఉంది. బడిలో తల్లిని అందరిలాగే "మేడమ్" అని పిలుస్తుంది, ఇంటికి రాగానే "అమ్మా ఆకలి" అంటుంది.

శనివారం మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో ఆ పట్టికలన్నీ ముందేసుకుని కూర్చుంది. లెక్కల మాస్టారు తలుపులోంచి తొంగిచూసి, "మీ చేతి టీ పడితే గానీ బుర్ర పనిచేయదు మేడమ్" అన్నాడు. లేచి పెట్టి, ఆరుగురికీ పోసి, చల్లారిన తన కప్పుతో మళ్లీ పట్టికల ముందుకొచ్చింది. పదిహేడోది కూతురిది. చెవితమ్మె, నాలుక, బుగ్గసొట్ట, అన్నీ బుద్ధిగా నింపింది. అడుగున, అడక్కుండానే, స్కేలుతో గీత గీసి ఒక వరుస చేర్చింది.

"లక్షణం: నిలబడి, అందరి తర్వాత తినడం. నానమ్మ: అమ్మ వచ్చేదాకా ఉంది. అమ్మ: ఉంది. నాన్న: లేదు. నానమ్మకీ అమ్మకీ రక్తసంబంధం లేదు. కాబట్టి ఇది జన్యువుల వల్ల వచ్చింది కాదు. నానమ్మ వాళ్లమ్మ: తెలియదు. నేను: ఇంకా తేలలేదు."

చివరి మూడు మాటల దగ్గర ఆమె ఎర్ర పెన్ను ఆగిపోయింది. మొన్న భర్త స్నేహితుడి కంచం ఖాళీ అవగానే, సగం అన్నం వదిలేసి ఆ కంచం తీయడానికి లేచింది ఈ పిల్లే. ఎవరూ పురమాయించలేదు. "బంగారు తల్లి" అన్నాడు తండ్రి. అప్పుడు తనకూ ముచ్చటేసింది. ఇప్పుడు ఆ ముచ్చటే భయపెట్టింది. తన మాటెలా ఉన్నా, పిల్ల గడిలో "ఉంది" అని మాత్రం పడకూడదు.

పరిణామం పాఠంలో పిల్లలు ఏటా ఒకే తప్పు రాస్తారు. కాకుల బారి నుంచి తప్పించుకోవడానికి పురుగులు పచ్చగా మారాయి అని. "మారలేదు, ముందే పచ్చగా ఉన్నవి మిగిలాయి" అని ఆమె ఏటా ఎర్రసిరాతో దిద్దుతుంది. సంబంధం ఖాయమైన రోజున అత్తగారు అందరి ముందూ అన్న మాట గుర్తొచ్చింది: "నెమ్మదైన పిల్ల, మా ఇంట్లో ఇట్టే ఇమిడిపోతుంది." అంటే తను ముందే పచ్చగా ఉందా, చూసే ఏరుకున్నారా? కాదే. పుట్టింట్లో ఒళ్లో కంచం, కంచం పక్కన పుస్తకం పెట్టుకుని కిటికీ గట్టు మీద గంటసేపు తినేది. "తింటున్నావా, చదువుతున్నావా?" అని అమ్మ తిట్టేది. మనుషులు మాత్రం పిల్లలు రాసే తప్పులాగే బతుకుతారు కాబోలు, తప్పించుకోవడానికి మారిపోతారు. ఈ సంగతి ఏ పాఠంలోనూ లేదే అని ఆమెకు వింతగా తోచింది.

పట్టికలో ఇంకో గడిలో "తెలియదు" అని ఉంది. అది నింపకపోతే ఆమెకు తోచేలా లేదు. ఆదివారం పొద్దున అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని తనూ ఒక దుప్పటి అందుకుంది.

"అత్తయ్యా, మీ అమ్మగారు కూడా నిలబడే తినేవారా?"

"మా అమ్మా? నిలబడా?" ముసలావిడ పకపకా నవ్వింది. "ఒకసారి కూర్చుందంటే మళ్లీ లేస్తేగా! వడ్డన అంతా మా నాన్నదే. ఆయన వడ్డిస్తుంటే ఇది తే, అది తే అని సతాయించేది."

"మరి మీకెక్కడిది ఈ అలవాటు?"

అత్తగారి చేతిలో తువాలు సగం మడతలో ఆగింది. "ఇక్కడిదే. కాపరానికొచ్చిన మర్నాడు అందరితో పాటు కంచం పెట్టుకుని కూర్చున్నా. మా అత్తగారు పల్లెత్తు మాట అనలేదు. నా వంక చూసిందంతే. ఆవిడ వంక వాళ్ల అత్తగారు చూసే ఉంటుంది."

అత్తగారు తువాలు మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"నిన్ను నేనూ అట్లాగే చూశానా అమ్మాయ్?"

"చూశారత్తయ్యా."

"ఎప్పుడు?"

"వచ్చిన మూడో రోజు."

"నాకు గుర్తు లేదే."

"నాకుంది."

ఆ పూట బట్టలు ఎప్పటికన్నా చక్కగా మడతలు పడ్డాయి.

మధ్యాహ్నం భోజనాల బల్ల మీద ఆమె నాలుగు కంచాలు పెట్టింది. నాలుగో కుర్చీ మీద ఎప్పుడూ పాత పేపర్ల దొంతర ఉంటుంది. దాన్ని తీసి కింద పెట్టి కూర్చుంది. కూతురు కళ్లు పెద్దవి చేసి చూసింది.

"ఏంటి, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు భర్త. నిజంగానే కంగారుపడ్డాడు పాపం.

"బాగానే ఉందండీ. ఆకలేస్తోంది."

వేడి అన్నం ఎంత వేడిగా ఉంటుందో ఆమె మర్చిపోయింది. నాలుక చురుక్కుమంది. రెండో ముద్ద ఊదుకుని తింటుంటే భర్త "ఉప్పు" అన్నాడు, ఎవరితోనూ కాదు, గాల్లోకి. కూతురు కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. ఆమె ఎడంచేత్తో పిల్ల మణికట్టు పట్టుకుంది. "నువ్వు తిను" అంది. పిల్ల కూర్చుంది. అత్తగారు ఎప్పుడు చూస్తుందా అని ఆమె తల వంచుకునే ఎదురుచూసింది, పరీక్ష రాసే పిల్లలా.

భర్త కాసేపు చూశాడు. చివరికి తనే లేచి వంటింట్లోకి వెళ్లాడు. ఒక అర తెరిచిన చప్పుడు, ఇంకో అర మూసిన చప్పుడు, ఏదో మూత కిందపడి దొర్లిన చప్పుడు.

"ఎక్కడ పెట్టావే ఉప్పు?"

జవాబు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగడం ముద్ద మింగినంత తేలికేం కాలేదు.

అత్తగారు కంచంలోంచి తలెత్తలేదు. కోడలి వంకా చూడలేదు.

"వెతుక్కోరా," అంది వంటింటి వైపు గొంతు పెంచి. "మా నాన్నకి కళ్లు మూసుకున్నా తెలిసేది, ఉప్పెక్కడుందో. నువ్వూ ఆయన రక్తమే కదా."