ఆరేసి గుండీలు

ఆదివారం మధ్యాహ్నాలు బావ టైలర్ షాపులో, బట్టలు కత్తిరించే బల్ల మీద పోకర్ ఆడతాం. చిప్స్ బదులు చొక్కా గుండీలు. మంచి ముక్కలొస్తే ఎక్కువ, చెత్తవొస్తే తక్కువ పెంచుతానని, నా పందెం చూస్తే చాలు నా చేతిలో ఏముందో తెలిసిపోతుందని పోయిన వారం అక్క అందరి ముందూ నా గాలి తీసేసింది. అందుకే ఈసారి ముందే ఆరేసి గుండీలు కుప్పలు పోసుకుని కూర్చున్నాను. ఏమొచ్చినా సరే, బల్ల మీద ఉమ్మడి ముక్కలు తెరవకముందు నా పెంపు ఒక కుప్పే.

గంటసేపు అలాగే నెట్టుకొచ్చాను. అప్పుడొచ్చాయి రెండు ఆసులు. ఈ ఆటలో అంతకు మించిన జత లేదు. పది పెడితే అందరూ పారిపోతారు, నాలుగు పెడితే అందరూ ఎగబడతారు. కుప్పలో ఆరే ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుని ముందుకు తోశాను.

బావ ముక్కలు పడేశాడు. పక్క షాపు మాస్టారూ పడేశారు. అక్క కూడా.

"ఆరేగా పెట్టాను," అన్నాను ఒళ్లు మండి.

"ఆరేరా. ఇంతసేపూ చూడకుండా తోశావు. ఈ ఒక్క కుప్పనే లెక్కపెట్టావు," అంది అక్క.