నొప్పి కాగితం

ఏడో నంబరు కుందేలు పొద్దున వేసిన మేత ముట్టలేదు. నిన్ననే దానికి ఆపరేషనయింది. దగ్గరికెళ్తే ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది దొంగమొహంది. ఎదురుగా మనిషి ఉంటే కుందేలు నొప్పి దాచుకుంటుంది, అందుకని తలుపు దాకా వెనక్కొచ్చి చూడాలి. చూశాను. కళ్ళు సగం మూసి, చెవులు వెనక్కి వాల్చి ముడుచుకుపోయింది. బోనుకు తగిలించిన కాగితంలో నొప్పి ఎంతుందో మార్కులు వేసి, డాక్టరుగారిని పిలిచి సూది మందు వేయించాను. అప్పటికే అరగంట ఆలస్యమైందట. మా ల్యాబ్ ఇన్‌చార్జి సుశీల్ కుమార్ ఒంటికాలి మీద లేచాడు. "మూగజీవమ్మా! నోరు తెరిచి చెప్పుకోలేదు. మనిషికి నొప్పయ్యేది దానికీ నొప్పేనని నేర్పించినాం గదా! మెమో ఇస్తా."

ఇచ్చుకో. నాకు గర్భసంచి తీసి ఇవాళ్టికి పన్నెండో రోజు. తొమ్మిదో రోజుకే డ్యూటీకి పిలిపించి మేత బస్తాలు మోయించింది ఈ దయామయుడే.

డాక్టరమ్మ నాకూ మాత్రలు రాసిచ్చింది, నొప్పి వచ్చాక కాదు, రాకముందే వేసుకోమని. నాలుగో రోజున మా ఆయన పెంచల్ "ఊరికే మింగితే కిడ్నీలు పోతాయిమే" అని వాటిని బీరువా మీద పెట్టేశాడు. తనకు పన్ను సలిపితే మాత్రం రెండు రోజులు అవే మింగాడు. కిడ్నీలు నాకొక్కదానికే ఉన్నట్టు! మా అత్త ఆదిశేషమ్మది ఇంకో పాట. "నాకూ తీసినారు. పదోరోజుకే నాట్లకు దిగినా." నేను కిక్కురుమనకుండా చేపలు కడిగాను. "మా రేవతికి ఓర్పు జాస్తి" అని చుట్టాలతో పెంచల్ గొప్పలు పోయాడు. ఓర్పా నా బొందా! ఎదురుగా మనుషులున్నారని దాచుకున్నాను, అంతే.

విడవలూరు బస్సు గుంతలో పడ్డప్పుడల్లా కుట్లు పట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరాను. అత్త వాకిట్లోనే "ఎసరు పెట్టుమే" అంది. పెట్టలేదు. ల్యాబు నుంచి మడిచి తెచ్చిన ఖాళీ నొప్పి కాగితం మీద నా పేరు రాసి పెంచల్ చేతిలో పెట్టాను.

"ఏందిమే ఇది?"

"నాలుగ్గంటలకోసారి నన్ను చూసి మార్కులెయ్యి."

పకపకా నవ్వాడు. "నువ్వేమన్నా కుందేలువా?"

"కుందేల్నయితే, నా మందు నువ్వు మింగినందుకు నీకు మెమో ఇచ్చేవోళ్ళు."

నవ్వు ఆగింది. బీరువా మీదికి చెయ్యి చాచాను. కుట్లు లాగాయి. "అమ్మా!" అని వీధి చివరికి వినపడేలా అరిచాను. అరిచినందుకు ఎంత హాయిగా ఉందో! మాత్ర మింగి, మంచమెక్కి గోడవైపు తిరిగాను. అన్నం ఎవరు వండుకుంటారో వండుకోనీ, నేను లేవను.

కాసేపటికి మంచం పట్టె మీద ఎవరో కూర్చున్నారు. తిట్లకి సిద్ధపడి ఇటు తిరిగాను. అత్త. పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని ఉంది.

"ఇరవై అయిదేళ్ళయింది. ఇప్పటికీ వంగితే లాగతాది మే. ఎవురికీ చెప్పలా" అంది గొంతు తగ్గించి. "అట్టాటి కాగితం ఇంకోటి ఉండాదా?"