డౌన్‌లో సున్నా లీటర్లు

సోమవారం లోపల చేయవలసిన పనులు:

కళ్ల పరీక్ష చేయించి కాగితం తేవాలి.
లైసెన్సు జిరాక్సులు రెండు తీయించాలి.
ట్యాబ్‌లో పేరు, నంబరు కొట్టడం సాధన చేయాలి.
బెల్టు పెట్టుకున్నాకే తాళం తిప్పాలి.
ఊరికే హారన్ కొట్టకూడదు.
డౌన్‌లో న్యూట్రల్ వేయకూడదు.
న్యూట్రల్ వేయకూడదు.

ఈ కాగితం రాసి వంటగది తలుపుకు అంటించింది నేను. చివరి వాక్యం మాత్రం అమ్మ కలిపింది. ఒక్కసారి రాస్తే నాన్నకు ఎక్కదని ఆమె నమ్మకం.

నాన్న ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకే కంపెనీలో దూరప్రయాణాల లారీ నడుపుతున్నాడు. ఈ ఏడు కంపెనీవాళ్లు పాత బండ్లన్నీ తీసేసి కొత్తవి కొన్నారు. కొత్త బండి ఎక్కాలంటే పరీక్ష నెగ్గాలి. బండిలోని కంప్యూటరే మార్కులు వేస్తుంది. వందకు ఎనభై రావాలి, అవకాశాలు మూడు. మూడూ పోతే స్టీరింగ్ బదులు గేటు దగ్గర కుర్చీ ఇస్తారు. వచ్చే బండి నంబరు, పోయే బండి నంబరు రాసుకుంటూ కూర్చోవాలి. నాన్నకు మొదటిసారి యాభై ఎనిమిది వచ్చాయి, రెండోసారి అరవై ఆరు. ఇక మిగిలింది సోమవారం ఒక్కటే.

రెండుసార్లూ ఎక్కువ మార్కులు పోయింది ఒక్కచోటే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు నాన్న గేరు తీసి న్యూట్రల్ వేస్తాడు. వేసిన ప్రతిసారీ కంప్యూటర్ కుయ్యిమని మార్కులు కోసేస్తుంది.

"నేను వెయ్యాలని వెయ్యట్లేదే. చెయ్యి దానంతటదే పోతోంది" అన్నాడు నాన్న, రెండోసారి తప్పి వచ్చిన రోజు.

"ముప్పై ఏళ్లలో ఒక్క గిన్నె దగ్గరికి దానంతటది పోని చెయ్యి అక్కడికెందుకు పోతోంది?" అంది అమ్మ.

మర్నాటి నుంచి వంటగదిలో సాధన మొదలైంది. నాన్న స్టూలు మీద కూర్చుంటాడు, చేతిలో పళ్లెం స్టీరింగ్. పక్కన బకెట్లో నిలబెట్టిన గొడుగు గేరు. అమ్మ పని చేసుకుంటూనే ఉన్నట్టుండి "డౌన్ వచ్చింది!" అని అరుస్తుంది. నాన్న చెయ్యి గొడుగు మీదికి పోగానే గరిటెతో ఒక్కటి తగిలిస్తుంది. నవ్వి నవ్వి నా కడుపు నొప్పెట్టింది. కానీ నాలుగు రోజులైనా చెయ్యి పోతూనే ఉంది.

ఆ చేతికి ఆ అలవాటు నేర్పినాయన్ని నేను చిన్నప్పుడు రెండుసార్లు చూశాను. రోడ్డు మీద అందరూ ఆయన్ని 'చుక్క గురువు' అనేవారు. కొత్తవాళ్లు తాగుబోతు కాబోలు అనుకునేవారట. ఆయన జన్మలో మందు ముట్టలేదు. ఆయన లెక్క డీజిల్ చుక్కలది.

అప్పటి రోజుల సంగతి నాన్న చెబితే విన్నదే. కేబిన్‌లో ఇంజన్ మూత మీద కాలు పెడితే చర్మం ఊడివచ్చేది. ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడిపేవారు, లారీ నీడలో స్టవ్ పెట్టి వండుకునేవారు. చెక్‌పోస్టు దగ్గర రెండేసి రోజులు క్యూలో పడి ఉండేవారు. ఇంటికి కబురు చెప్పాలంటే మా సందు చివర మందుల షాపుకు ఫోను చేసేవాడు నాన్న. షాపతను కేకేస్తే అమ్మ చేతి తడి కొంగుకు తుడుచుకుంటూ పరుగెత్తేది. ఆమె వెళ్లేలోపు సగంసార్లు లైను తెగిపోయేది. యజమాని కొలిచి పోసిన డీజిల్‌తోనే వెళ్లి రావాలి. దారిలో అయిపోతే ఎవరూ లేని చోట బండి ఆగిపోతుంది. అందుకని గురువుగారు డౌన్ కనిపిస్తే చాలు, న్యూట్రల్‌లో బండిని జారనిచ్చేవారు. "చుక్క మిగిల్తే ఇల్లు చేరతాం రా" అనేవారట. బ్రేకులు వేడెక్కి పట్టు వదిలి, రెండుసార్లు చావు అంచుదాకా వెళ్లి వచ్చారు కూడా. అయినా చుక్క చుక్కే.

ఇప్పుడు కేబిన్‌లో ఏసీ ఉంది, పడుకోవడానికి పరుపు ఉంది. ఇన్ని గంటలు నడిపాక ఆగి తీరాలని కంప్యూటరే చెబుతుంది. కళ్లు మూతపడితే కెమెరా చూసి గోల పెడుతుంది. బండి ఎక్కడుందో అమ్మ ఫోన్‌లో చుక్కలా కనిపిస్తుంది.

"అప్పుడు ఇరవై రోజులైనా ఎక్కడున్నారో తెలిసేది కాదు. ఇప్పుడు టీకి రెండుసార్లు ఆగినా తెలుస్తోంది" అంటుంది అమ్మ.

"అప్పుడే నయం" అంటాడు నాన్న.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. నాన్న నడిపిన ఒక్కో ట్రిప్పూ నా ఒక్కో పుస్తకం. ఆయన కోసం నేను చేయగలిగింది చదవడమే కదా అనుకుని, పరీక్ష కోసమని కంపెనీ ఇచ్చిన కొత్త బండి లావుపాటి పుస్తకం ముందేసుకు కూర్చున్నాను. శనివారం మధ్యాహ్నం ఒక పేజీలో నేను వెతుకుతున్నది దొరికింది. డౌన్‌లో గేరు వేసే ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే, ఇంజన్‌కు డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్ వేస్తే మాత్రం ఇంజన్ ఆరిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది.

నాన్నకు చదివి వినిపించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పుస్తకంలో ఏదైనా రాస్తారు అమ్మలూ. న్యూట్రల్‌లో చుక్క మిగలదంటే నేను నమ్మను. గురువుగారు ఊరికే చెప్పలేదు."

అప్పుడు అర్థమైంది, చెయ్యి ఎందుకు మాట వినడం లేదో. న్యూట్రల్ మానేస్తే గురువుగారి మాట కాదన్నట్టేనని ఆయన బాధ.

కంపెనీ ట్రైనర్‌కు ఫోన్ చేసి బతిమాలాను. ఆమె నాకంటే నాలుగేళ్లు పెద్దదేమో. తను కూడా నాలుగేళ్లు దూరప్రయాణాల లారీ నడిపి వచ్చిన మనిషి. ఆదివారం సెలవైనా వచ్చి యార్డు తెరిచింది. యార్డు వెనక శిక్షణ కోసం కట్టిన పొడవాటి వాలు రోడ్డు ఉంది. నేను వెనక పరుపు మీద కూర్చున్నాను.

"బాబాయ్, ఈరోజు మార్కుల్లేవు. నీ ఇష్టం వచ్చినట్టు దించు. ఈ అంకె ఒక్కటి చూస్తూ ఉండు" అని ఆమె తెర తిప్పింది. గంటకు ఎంత డీజిల్ కాలుతోందో అందులో కనిపిస్తుంది.

నాన్న న్యూట్రల్ వేసి దించాడు. అంకె రెండున్నర దగ్గర నిలబడింది.

"ఇప్పుడు గేరులో దించు."

నాన్న పైకి తీసుకెళ్లి, గేరులోనే ఉంచి కాలు తీశాడు. ఇంజన్ గుర్రుమంది. అంకె ఆరు, రెండు, ఆ తర్వాత సున్నా. వాలు అయిపోయేదాకా సున్నాయే.

"మిషన్ చెడిపోయిందేమో" అన్నాడు నాన్న.

"చెడిపోలేదు బాబాయ్. చక్రాలే ఇంజన్‌ని తిప్పుతున్నాయి. ఇక దానికి తిండెందుకు?"

"ఇంకోసారి."

అలా నాలుగుసార్లు దించాడు. ఐదోసారి తెర వంక చూడలేదు, ఇంజన్ చప్పుడు వింటూ దించాడు. కింద బండి ఆపి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు అన్నాడు.

"గురువుగారు ఉండుంటే ముందు నన్ను తిట్టేవారు. తర్వాత ఇంకోసారి చూపించమనేవారు. ఆ తర్వాత జన్మలో న్యూట్రల్ ముట్టేవారు కాదు."

సోమవారం అమ్మ, నేను డ్రైవర్ల గదిలో కూర్చున్నాం. గోడ మీది తెరలో నాన్న బండి ఒక బాణం గుర్తు. పక్కన మార్కులు. అక్కడ నాన్న పాత స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. నోరు మూయడు కాబట్టి అందరూ 'రేడియో' అంటారు. ఆయన ఎనభై ఒకటితో గట్టెక్కాడు.

"వదినా, గేటు దగ్గర కుర్చీ దుమ్ము తుడిపించి పెట్టాను, మీ ఆయన కోసం."

"తుడిపించావు కదా అన్నయ్యా, నువ్వే కూర్చో" అంది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఘాట్ పైకి చేరేసరికి నాన్న మార్కులు తొంభై ఒకటి. హారన్ దగ్గర కొన్ని పోయాయి. బాణం కిందికి తిరిగింది. పోయిన రెండుసార్లూ ఇక్కడి నుంచే అంకె రాలిపోయింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. మొదటి మలుపు, తొంభై ఒకటి. మూడో మలుపు, తొంభై ఒకటి. రేడియో కూడా నోరు మూశాడు. ఐదో మలుపులో అంకె కదిలింది.

తొంభై రెండు.

"పెరిగిందేంట్రా!" అని ఎవరో లేచి నిలబడ్డారు. డీజిల్ మిగిల్తే మార్కులు కలుస్తాయన్న సంగతి అక్కడ చాలామందికి తెలియదు, ఎవరికీ ఎప్పుడూ కలవలేదు మరి. ఘాట్ దిగేసరికి తొంభై నాలుగు. గదంతా ఈలలు. పరీక్షకు వచ్చిన నలభై ముగ్గురిలో అన్నిటికంటే తక్కువ డీజిల్ వాడింది మా నాన్నేనని ట్రైనర్ అందరి ముందూ చదివింది.

నాన్న బండి దిగగానే అమ్మ అడిగింది. "చెయ్యి పోలేదా?"

"ఎందుకు పోలేదు? మొదటి మలుపులోనే పోయింది. పక్కన నువ్వు గరిటెతో ఉన్నట్టనిపించి వెనక్కొచ్చేసింది."

అమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది.

నెల తిరక్కుండానే కంపెనీవాళ్లు ఘాట్ పాఠం చెప్పమని నాన్ననే అడిగారు. ఇప్పుడు కొత్త బండి నడుపుతూనే, ఇంటికి వచ్చిన వారం ఆ వాలు రోడ్డు మీద పాఠం చెబుతున్నాడు. పాఠం ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది: "నాకు నేర్పినాయన పద్ధతి తప్పు. చుక్క పోనివ్వకూడదన్న మాట తప్పు కాదు. ఆయన్ని ఎవడైనా ఎగతాళి చేస్తే బండి దింపేస్తా."

చదివినవారికి ఒక మనవి. చుక్క గురువుగారికి ఏ కంప్యూటరూ మార్కులు వేయలేదు. ఆయన పనిచేసిన చోట ఒక్క ఫోటో కూడా లేదని వెతికాక తెలిసింది. ఎప్పుడైనా మీ ముందు ఒక లారీ చుక్క పోనివ్వకుండా గుర్రుమంటూ నెమ్మదిగా ఘాట్ దిగుతుంటే, హారన్ మీద చెయ్యి వేసే ముందు ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.