జయకుమారి మూడు నోటుబుక్కులు

కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మనిషికి సొంతింట్లో కూర్చోడానికి కుర్చీ దొరకదు. నర్సు జయకుమారికి వారం రోజులుగా ఇదే బాధ. పర్చూరులో తెలిసినవాళ్ళంతా వంతులవారీగా వచ్చి, టూ-ఇన్-వన్ రేడియో తడిమి, సెంటు సీసా వాసన చూసి, కుర్చీలు వదలకుండా కూర్చున్నారు.

ఆరేళ్ళలో అక్కడ ఆవిడ తనకోసం చేసుకున్నదల్లా మూడు నోటుబుక్కులు రాసుకోవడం. చిన్నప్పుడు లెక్క తప్పితే తండ్రి మరియదాసు మాస్టారు ఆవిణ్ణి గదిలో పెట్టి, నిప్పుల మీద ఎండుమిరపకాయలు పోసి, గడియ వేసేవారు. ఊపిరాడక పడిపోయాక తలుపు తీసి, మోకాళ్ళ మీద ప్రార్థన చేయించేవారు. మాస్టారు నాసిరకం కాయలు ఎన్నడూ వాడలేదు.

కువైట్ హాస్టల్లో ఎవరు పోపు పెట్టినా ఆవిడ మెట్లు దిగి రోడ్డు మీదికి పరిగెత్తేది. ఆ పొగ సంగతంతా రాయడం మొదలుపెట్టాక, రెండో నోటుబుక్కు సగంలో ఉండగా, ఒకరోజు తనే పోపు పెట్టుకుంది.

ఫారిన్ వెళ్ళొచ్చినవాళ్ళు దేవుడి మేళ్ళు రాసుకొచ్చి ఆదివారం చర్చిలో చదవడం ఆ సంఘంలో ఆనవాయితీ. కళ్ళకు శుక్లాలు కమ్మిన మాస్టారికి పెట్టెలో నోటుబుక్కులు చేతికి తగిలాయి. ఇంకేం, అన్నీ దేవుడి మేళ్ళే అనుకుని పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తారు.

"మూడు నోటుబుక్కులండీ! ప్రేమదాసుగారమ్మాయి బహ్రెయిన్నుంచొచ్చి ఒక్క కాయితమే గదా చదివింది!"

ఆదివారం పొద్దున జడ వేస్తూ తల్లి పున్నమ్మ గొణిగింది. "రెండు మంచిముక్కలు చూసి చదివేసి రావే."

"మంచివి లేవమ్మా. అంతా నాన్న పెట్టిన పొగే."

"అయితే కొత్తవి రాస్కో. ఎవరికి తెలుస్తుందే?"

"నాకు తెలుస్తుంది. అబద్ధం చదివానంటే మళ్ళీ మొదటికొస్తాను."

దువ్వెన ఆగింది. "దాంట్లో నేనున్నానా?"

"తలుపవతల ఉన్నావు."

పున్నమ్మ జడ సగంలో వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు చర్చిలో పాట నడుస్తోంది. మే నెల ఉక్కపోతలో, కూతురు తెచ్చిన టై బిగించుకుని, మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. జయకుమారి మొదటి నోటుబుక్కు పట్టుకుని మైకు ముందు నిలబడింది. ఎప్పుడూ గురగురలాడే మైకు ఖర్మకొద్దీ ఇవ్వాళ బాగా పనిచేస్తోంది.

"గట్టిగా చదువమ్మాయ్, వెనక వాళ్ళకీ వినపడాలి," అన్నారు మాస్టారు.

అయ్యలారా, అమ్మలారా, ఆవిణ్ణి చదవమంటారా, మూసెయ్యమంటారా? ఎవరైనా కాస్త చెప్పండి. త్వరగా చెప్పండి, మీకు పుణ్యముంటుంది. పాట ఆఖరి చరణంలో ఉంది.