తిట్లు తినే గుర్రం

తెల్లారేసరికి షాదీపూర్ గట్టు మీద అచ్చమ్మ నోరు లేచేది. ముందు కుళాయి వదలని వాణ్ణి, తరవాత ఓడ ఆలస్యం చేసినవాళ్ళని, ఆఖర్న చెల్లెలి మొగుడు నాగబాబుని, వేపపుల్ల నమిలి ఉమ్మేలోగా ముగ్గుర్నీ కడిగి ఆరేసేది. పాకలో గుర్రం చెవులు నిక్కించి, కళ్ళు అరమూసి, నిదానంగా దవడలాడించేది.

ఈ దీవులకి ఉలవలు చెన్నై నుంచి ఓడలో రావాలి. వచ్చేసరికి సగం పురుగు, మిగతా సగానికి బంగారం ధర. గుగ్గిళ్ళు పెట్టి మేపే భాగ్యం ఎవరికుంది? అందుకే దీవుల్లో పుట్టిన గుర్రాలు తిట్లే తిని బతుకుతాయి. కాకపోతే తిట్టు నిజమైనదై ఉండాలి. లేనిపోనివి కల్పించి తిట్టారో, దానికి కడుపునొప్పి వచ్చి పొర్లుతుంది. గుర్రాన్నే తిడితే అసలు ముట్టదు.

ఆ గుర్రం ముసలిదై వానల్లో పోయింది. అచ్చమ్మకి చెయ్యి విరిగినట్టయింది. గట్టు మీది ఇరుకు సందుల్లోకి నీళ్ళ డ్రమ్ములు ఎక్కించడమే ఆవిడ జీవనం. పెళ్ళికొడుకుని ఊరేగించే పని ఎప్పుడో పోయింది. ఇప్పుడు అందరికీ పూలు కట్టిన ఓపెన్ జీపే కావాలి, ఆ జీపేమో నాగబాబుది. పైగా వాడి కన్ను అచ్చమ్మ పాక మీదుంది.

"గుర్రం లేని పాక దేనికొదినా? నాకమ్మెయ్. జీపు పెట్టుకుంటాను," అని కబురు మీద కబురు పంపేవాడు.

ఆ పేరు వింటేనే అచ్చమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది. చెల్లెలు కళని ఇచ్చినప్పటి నుంచి వాడు దాన్ని అక్క గడప తొక్కనివ్వలేదు. కళ కూడా అలాంటిదే, నోట్లో నాలుక లేని పిల్ల, మొగుణ్ణి ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు.

అంతలో ఊరవతల మూతపడ్డ రిసార్టు వాళ్ళు తమ గుర్రాల్ని వేలం వేస్తున్నారని తెలిసింది. పక్కింటి జోగుల్ని వెంటబెట్టుకుని అచ్చమ్మ వెళ్ళింది. కొనేవాళ్ళకంటే ఫోన్లలో ఫోటోలు తీసుకునేవాళ్ళే ఎక్కువగా ఉన్నారు. గుర్రాలు ఎముకల గూళ్ళు. అవును మరి, రిసార్టులో పొద్దస్తమానం వెల్‌కమ్, థాంక్యూ అనేవాళ్ళే గాని గట్టిగా ఓ తిట్టు పడేసేవాడెవడు?

బూడిదరంగు ఆడగుర్రం దగ్గర అచ్చమ్మ ఆగింది. గిట్టలు చూసింది, పళ్ళు చూసింది. బలమైన ఎముక. తిండి లేక ఇలా ఉంది గాని, మేపితే గట్టంతా లాగుతుంది.

"నోరు మెదపకే తల్లీ," జోగులు చెవిలో గొణిగాడు. "పాట ముగిసేదాకా ఒక్క తిట్టు కూడా జారకూడదు. ఇలా సన్నగా ఉంటేనే మనకి అందుద్ది."

అచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, వేళ్ళతోనే పాట చూపించింది. పాట పెట్టే మణికుమార్ విసుగ్గా, "ఏక్ బార్, దీదీ పాట. ఇంకెవరైనా?" అన్నాడు. 

అప్పుడే నాగబాబు వచ్చాడు, వెనక కళతో. "ఏటొదినా, గుర్రాన్ని కొంటన్నావా, బొమికలు కొంటన్నావా?" అని పళ్ళికిలించాడు. అచ్చమ్మ కొంగు ఇంకాస్త లోపలికి కుక్కుకుంది. మణికుమార్ "దో బార్" అన్నాడు. కళ అక్క వైపు చూసి కొంచెం నవ్వబోయింది. నాగబాబు అది చూసి, "అటేటి సూపు? తల దించు," అని కసిరాడు. కళ తల దించుకుంది.

అంతే, అచ్చమ్మ నోట్లోంచి కొంగు ఊడిపోయింది.

"ఒరే నాగబాబూ! నా సెల్లి తల దించుకోడానికి ఏం పాపం సేసిందిరా? మా అమ్మ పోతే కడసూపుకైనా పంపని కసాయోడివి నువ్వు! దాని మెళ్ళో గొలుసమ్మి జీపు కొని, ఆ జీపు మీద దాన్నొక్కసారి ఎక్కించావా? సిగ్గూ శరం ఉందంట్రా నీకు?"

"అచ్చమ్మా, ఆపే!" అని జోగులు నెత్తి కొట్టుకున్నాడు. అప్పటికే గుర్రం డొక్కలు పూడిపోయాయి. మెడ బలిసింది, బొచ్చు నిగనిగలాడింది. ఎనిమిది డ్రమ్ములు లాగే గుర్రమై నిలబడింది.

"అరే వాహ్!" అన్నాడు మణికుమార్. నాగబాబు పాట అందుకున్నాడు. అచ్చమ్మ పెంచింది, వాడు పెంచాడు. ఆవిడ చేతిలో డబ్బు అయిపోయింది, వాడు పగ్గం పట్టుకుని పోయాడు. కొన్నది పనికి కాదు, అచ్చమ్మకి దక్కకూడదని. తన నోటితో తనే గుర్రాన్ని పోగొట్టుకున్నానని ఆవిడ దారంతా ఏడ్చింది.

గుర్రం నాగబాబు పెరట్లో మళ్ళీ చిక్కిపోయింది. వాడు తిట్టడానికేం తక్కువ లేదు. పెళ్ళాన్ని దొంగ అన్నాడు, సోమరి అన్నాడు. ఒక్కటీ నిజం కాదు, గుర్రం కడుపునొప్పితో పొర్లింది. "ఇక నువ్వే మేపు. సచ్చిందో, నీ పని సెప్తాను," అని కళ మీదికి తోసేశాడు.

ఇదంతా జోగులు వచ్చి చెప్పాడు. అచ్చమ్మ వినీ విననట్టుంది. ఖాళీ డ్రమ్ములు చూళ్ళేక, పాక వాడికే అమ్మేద్దామన్నంతవరకూ వచ్చేసింది.

కొన్నాళ్ళకి జోగులే రొప్పుకుంటూ వచ్చాడు. "గుర్రం ఒళ్ళు సేస్తందే అచ్చమ్మా!"

"దానికి తిండెవరు పెడతన్నారు?"

"పెరట్లో కళ తప్ప ఎవరూ లేరు. ముందు పెదాలు కదిపేదంట. తరవాత గుసగుసగా. ఇప్పుడు గోడవతలకి ఇనపడతంది."

అచ్చమ్మ నమ్మలేదు. కళ తిట్టడమా? హవ్వ!

ఓ పొద్దున్న సందులో రేకులు గలగలలాడాయి. అచ్చమ్మ బయటికొచ్చి చూస్తే, ఇళ్ళ చూరులకి వీపు తగులుతూ, సందుకి సందే నిండిపోయి బూడిదరంగు గుర్రం ఎక్కివస్తోంది. ముందు కళ, చంకలో బట్టల సంచి, తల ఎత్తుకుని. వెనకెక్కడో జీపు ఇరుక్కుపోయి హారను కొడుతోంది, నాగబాబు అరుస్తున్నాడు. గుర్రం చెవి కూడా తిప్పలేదు.

గుర్రాన్ని పాకలో కట్టి కళ అక్క ఎదురుగా నిలబడింది. అచ్చమ్మకి కళ్ళు నిండిపోయాయి. అలవాటు కొద్దీ, "ఆ సచ్చినోడు..." అని మొదలెట్టింది.

"నువ్వాగక్కా," అంది కళ. "నా తిట్లు ఇంకా అయిపోనేదు."